ఒక్క రాత్రికి

తుపాకి నాదే. లైసెన్సు మా నాయన నాటిది,
పంట కాపుకని ముద్ర వేసి ఇచ్చింది.
పేల్చడం పెద్ద పని కాదు,
కాగితాలు జమ చేయడమే వేట.
ఏ నేలలో నిలబడి కాలుస్తానో
ఆ నేల సొంతదారు "సరే" అని రాసివ్వాలని
రేంజి ఆఫీసు గుమాస్తా చెప్పినాడు,
చెప్తా చెప్తా నా చెప్పులకేసి చూసినాడు.

ఆనేకల్లు దాటినాక తళి రోడ్డుకు ఎడంపక్క
మా చేలల్లో ఇప్పుడు రాగులకన్నా
రాళ్లే ఎక్కువ మొలిచినాయి.
ఒంటికి సున్నం, నెత్తిన ఎర్ర చుక్క, ప్లాటు నంబరు.
మిగిలిన నాలుగు రాగి చేలూ
రెండు అనప సాళ్లూ
రాత్రయితే పందులవి.

మొదట చూడప్ప. పళ్లు తోముకుంటా, నురగతోనే
సంతకం చేసినాడు. "నాలుగు కాల్చు, ఒక తొడ నాకు పంపు."
తొడలు పంచే కాగితం కాదన్నా ఇది,
చచ్చినదాన్ని వాళ్ల ముందరే పూడ్చాలంట.
"అట్లయితే కాల్చడం ఎందుకు?" అన్నాడు,
నిజంగానే అర్థం కాక.

రెండో ఆయన కోసరం
సర్జాపురం పోయినా, రెండు బస్సులు మారి.
పదకొండో అంతస్తు. లిఫ్టు అద్దంలో
సంచీ చంకన పెట్టుకున్నోణ్ని చూసి
ఎవడో దొంగ అనుకున్నా.
తన చేను యాడుందో ఆయనకి తెలీదు.
ఫోనులో వెతికి, వేళ్లతో పెద్దది చేసి చేసి
"ఇదేనా?" అన్నాడు. కాదు సార్, అది మా వల్లకాడు.
"చంపకుండా కాల్చలేవా?" అని అడిగింది వాళ్ల పాప.
జవాబు తోచక బిస్కెట్టు తిన్నా.

మూడూ నాలుగూ అన్నదమ్ములు.
ఒకడు పెట్టిన కాగితం మీద ఇంకొకడు పెట్టడు.
ఐదోది బ్యాంకు నేల. గేటుకు తాళం, తాళానికి లక్క.
పోయి అడిగితే
"పందికి మేమేం అప్పు ఇవ్వలేదే" అని నవ్వినారు.
ఆ ఒక్క కాగితం ఖాళీగా ఉండిపోయింది.

ఆఖరున మునితాయమ్మ.
మూడు గుంటలు, అందరి మధ్యన,
పళ్ల సందున ఇరుక్కున్న తునక మాదిరి.
కాగితం తిప్పి తిప్పి చూసింది.
చదవడం రాదు, అయినా తిప్పింది.
"కరెంటు కంబం పాతినోళ్లు అడగలే.
గొట్టాలు వేసినోళ్లు అడగలే.
నన్ను ఈ ఊరికి ఇచ్చినప్పుడు ఎవరడిగినారు?
నువ్వేంది బచ్చప్పా, పంది కోసరం వచ్చి
అడుగుతా ఉండావు?"
రూలు అక్కా, అన్నా.
"రూలో గీలో. అడిగినావు కదా, ఉండు, ఆలోచిస్తా."

పొయ్యి రాజేసింది. సంగటి కెలికింది.
కోడిని గంప కింద మూసింది.
నేను గడప బయట, తుపాకి గోడకానించి,
పెళ్లిచూపులకు వచ్చినోడి మాదిరి కూర్చున్నా.
చీకటి పడేవేళకు వచ్చి బొటనవేలు చాచింది.
"తూర్పు మూలకు కాల్చొద్దు, ఆడ మా ఆయన ఉండాడు.
బతికినప్పుడే పటాకులకు బెదిరేటోడు.
ఇంకొకటి. ఇది ఈ ఒక్క రాత్రికే."

బెంగళూరు వెలుతురు మబ్బుకు తగిలి
చేను మీద పాలపొడి మాదిరి రాలుతా ఉంది.
రెండు గంటలప్పుడు వచ్చింది ఆడపంది,
వెనక గీతల పిల్లలు, ఐదో ఆరో, లెక్కకు నిలవలే.
వచ్చి సరిగ్గా బ్యాంకు నేలలో నిలబడింది,
ఆ ఖాళీ కాగితం మీద ఎక్కి నిలబడినట్టు.
మా కంకి నోట్లో, కాళ్లు వాళ్ల నేలలో.
గొట్టం ఎత్తినా. మందు పొడిగానే ఉంది, చెయ్యీ వణకలే.
ఎంతసేపు అట్లే పట్టుకున్నానో.
అది నమిలింది. నింపాదిగా.

తెల్లారి మునితాయమ్మ కసువు ఊడుస్తా ఉంది.
"శబ్దం వినపళ్లే," అంది.
వినపడదులే, అన్నా.
చీపురు ఆపలే, నా వైపు చూళ్లే.
"మళ్లీ అడుగుతావా మరి?"
సంచీలోంచి ఇంకు పెట్టె తీసినా.
"ఇప్పుడే కాదు. మాపటికి రా," అంది.
"ఆలోచించుకోవాల."